చూసినందుకు కూడా కూలి ఇవ్వాలి

బెంగళూరు అవతల హొసకోటె, మాలూరు, ఆనేకల్ వైపు పల్లెల్లో తిరిగితే చింతచెట్టు కిందో, పశువుల కొట్టం పక్కనో బానెట్ లేకుండా, సిలిండర్ల మీది హెడ్డు ఊడదీసి, పైన గోనెపట్టా కప్పిన ట్రాక్టరు ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. దాని యజమానిని అడగండి. "పొగ వస్తోందని ఇంజిన్ విప్పించినాం, ఖర్చు పెరిగిపోయింది, అక్కడికే నిలిచిపోయింది" అంటాడు. ఆ పొగ ఎందుకు వచ్చిందని అడిగితే మాత్రం జవాబు రాదు. విప్పకముందు ఎవరూ చూడలేదు. చూడలేదని మెకానిక్‌ని తిట్టడం తేలిక, అందరూ చేసేదీ అదే. నా ఫిర్యాదు మాత్రం మనమీదే, అంటే ట్రాక్టర్ల యజమానుల మీదే. చూసినందుకు మనం ఎవరికీ పైసా ఇవ్వం. విప్పితేనే ఇస్తాం, సామాను మారిస్తేనే ఇస్తాం. అలాంటప్పుడు వాళ్లు విప్పక ఏం చేస్తారు?

మాది బెంగళూరు తూర్పు వైపు పాత తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నా ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో, మిగిలిన కాస్త భూమి హొసకోటె తాలూకాలో. నీలగిరి చెట్లు తీయించి వేసిన మామిడి కొంత, వాన పడితే రాగి, కంది. దున్నేది మూడు సిలిండర్ల, 35 హెచ్‌పీ హెచ్‌ఎంటీ ట్రాక్టరు. హెచ్‌ఎంటీ అనగానే జనానికి చేతి గడియారమే గుర్తొస్తుంది కానీ, ఆ కంపెనీ 1953లో ఇక్కడే, జాలహళ్లిలో, యంత్రాలను తయారుచేసే యంత్రాల కోసం పుట్టింది. చెకోస్లోవేకియా వాళ్ల జెటార్ డిజైనుతో 1971 నుంచి హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్లు చేసింది. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. కంపెనీయే లేని బండి ఇంకా ఎందుకు, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి కొత్తది తెచ్చుకోండి అని చెప్పనివాళ్లు లేరు.

ఇంజిన్ పక్కన బిగించిన డీజిల్ పంపు మాత్రం అచ్చంగా మా ఊరిదే. 1951లో మొదలై ఆడుగోడిలో ఫ్యాక్టరీ పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అందరి నోటా మైకో. 2008లో దాని పేరు బాష్ అయింది. అయినా పల్లెల్లో ఇప్పటికీ అది మైకో పంపే, ఆ డీజిల్‌ను సిలిండర్‌లోకి జల్లుగా కొట్టేది మైకో నాజిలే. ఇంటి అడ్రసులో మైకో లేఅవుట్ అని రాసుకునే చాలామంది కుర్రాళ్లకు ఆ పేరు ఈ పంపు కంపెనీ ఉద్యోగుల వల్ల వచ్చిందని తెలియకపోవచ్చు. దేశంలో లక్షల ట్రాక్టర్లకు, లారీలకు, నీళ్లు తోడే ఇంజిన్లకు డీజిల్ కొలిచి పోసిన పంపులు ఈ ఊరి నుంచి వెళ్లాయి. అలాంటి ఊళ్లో ఉంటూ డీజిల్ లైను చూడకుండానే ఇంజిన్ దించెయ్యమని చెప్పేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రెండేళ్ల కిందట తొలకరి పడ్డాక మా బండి మొండికేసింది. పొద్దున్నే స్టార్ట్ అవుతుంది. అరగంట బాగా దున్నుతుంది. ఆ తర్వాత కల్టివేటర్ నేలలో దించగానే గొంతు తగ్గిపోయి, మెల్లగా నీరసించి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ స్టార్ట్ అవుతుంది. రోడ్డు పక్కనున్న ఒక వర్క్‌షాపు నుంచి మెకానిక్ వచ్చాడు. కొంచెం దూరంలో నిలబడి శబ్దం విని, "బోరు పోయింది సార్, ఫుల్ ఇంజిన్ చెయ్యాల" అన్నాడు. అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ అరిగిపోయిందని, ఇంజిన్ మొత్తం విప్పాలని. సిలిండర్ లోపలి గొట్టాలైన లైనర్లు, పిస్టన్లు, వాటి రింగులు, బేరింగులు మార్చాలట, క్రాంకు లేత్ షాపుకు, హెడ్డు వాల్వుల పనికి పంపాలట. చెప్పిన మొత్తం వింటే ఆ ఏడాది రాగి పంట మొత్తం దానికే సరిపోయేలా ఉంది. పైగా విత్తనం వేసే పదును పోతుంది. మా చిన్నాన్న అప్పటికే సరే అనే స్థితికి వచ్చేశాడు.

నాన్నకు బాగా తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. జీవితమంతా డీజిల్ పంపులు బాగుచేసే రూముల్లో పనిచేసి ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నారు. ఆయన్ను పిలిపించాను. వచ్చి స్పానర్ పట్టుకోలేదు, ముందు చిన్నాన్నను కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. ఆగేటప్పుడు టక్కున ఆగిందా, మెల్లగా నీరసించి ఆగిందా? పొగ ఏ రంగు? ఆగే ముందు పొగ పెరిగిందా, తగ్గిందా? పొద్దున చలిలో ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది?

"ఒక్కసారికే పడుతుందన్నా" అన్నాడు చిన్నాన్న.

"బోరు పోయుంటే పొద్దున్నే ఏడిపించల్లా కదప్పా. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే పడుతోందంటే కంప్రెషన్ ఉన్నట్టే."

ఈ ఒక్క మాటతో ఫుల్ ఇంజిన్ కథ సగం కూలిపోయింది. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని పదహారు పదిహేడు వంతులకు నొక్కితే పుట్టే వేడే డీజిల్‌ను అంటిస్తుంది. రింగులు, బోరు అరిగి గాలి కిందికి జారిపోతుంటే ఆ వేడి చాలదు. ఆ లోటు మొట్టమొదట బయటపడేది చలిపొద్దున స్టార్టింగ్‌లోనే. పొద్దున బాగుండి వేడెక్కాక చచ్చిపోయే బండిలో ముందు అనుమానించాల్సింది డీజిల్ అందడాన్ని.

ఆయన బండిని లోడుమీద నడిపించారు. గొంతు తగ్గడం మొదలవగానే డీజిల్ ట్యాంకు మూత తిప్పమన్నారు. మూత వదులు కాగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. కాసేపటికే ఇంజిన్ మళ్లీ ఎత్తుకుంది. మూతలో గాలి పోవడానికి ఉండే సన్నటి రంధ్రం మట్టీ జిడ్డూ పట్టి మూసుకుపోయింది. డీజిల్ వాడుకుంటున్న కొద్దీ ట్యాంకులో ఆ ఖాళీని నింపడానికి గాలి రావాలి. రాకపోతే లోపల వాక్యూమ్ పడుతుంది, ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. ఆగిన తర్వాత పది నిమిషాల్లో గాలి ఎక్కడినుంచో మెల్లగా దూరి వాక్యూమ్ తగ్గుతుంది, బండి మళ్లీ స్టార్ట్ అవుతుంది. లక్షణాలన్నీ దీనికే సరిపోయాయి.

అక్కడితో వదల్లేదాయన. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న రబ్బరు పైపు తీసి, దాని చోట ఒక పారదర్శకమైన పైపు ముక్క పెట్టి నడిపించారు. డీజిల్‌తో పాటు బుడగలు పోతూ కనిపించాయి. పైపు బిగించే యూనియన్ దగ్గర రాగి వాషర్లు అణిగిపోయి గాలి పీలుస్తున్నాయి. ఈ సంగతి ప్రతి ట్రాక్టరు యజమానికీ తెలియాలని నా కోరిక: ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉన్నది పీల్చే వైపు. అక్కడ లీకు ఉంటే ఇంజిన్ నడిచేటప్పుడు డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. చెయ్యి పెట్టి తడిమితే పొడిగానే ఉంటుంది. లీకు లేదనుకుని అందరూ ముందుకు వెళ్లిపోతారు. ఫీడ్ పంపు దాటాక ఉన్నది తోసే వైపు, అక్కడైతే తడి కనిపిస్తుంది. కంటికి కనిపించని మొదటి రకం లీకే ఎన్నో ఇంజిన్లను లేత్ షాపులకు పంపించింది.

కొత్త వాషర్లు వేసి, మూత రంధ్రం శుభ్రం చేసి, ఎయిర్ తీశారు, అంటే లైనులో చేరిన గాలిని బయటికి పంపారు. ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీది స్క్రూ, చేతి ప్రైమర్ కొడుతూ బుడగలు పోయి నిండు ధార వచ్చేదాకా. ఆ మధ్యాహ్నం నుంచే దున్నకం మొదలైంది.

ఆయనకు నేను వర్క్‌షాపులో ఒక రోజు పనికి ఎంత తీసుకుంటారో అంత ఇచ్చాను. చిన్నాన్నకు కోపం వచ్చింది. "రంధ్రంలో పుల్ల పొడిచినందుకు అంత ఎందుకురా? టిఫిన్ పెట్టిస్తిమి కదా, చాలదా?" అన్నాడు. ఆ ముందు రోజే ఆయన ఇంజిన్ విప్పడానికి దానికి ఎన్నో రెట్లు ఇవ్వడానికి ఒప్పుకోబోయాడు. చిన్నాన్న పిసినారి కాదు, మా ఊళ్లో అందరి లెక్కా అంతే. చేతికి మసి అంటితే అది పని. ఆలోచించి చెబితే అది మాట సాయం. దీని ఫలితం ఏమిటంటే, చూడగల చూపున్నవాళ్లు ఆ చూపుతో బతకలేక, విప్పి బిగించే పనిలోకి వెళ్లిపోతారు. పిల్లలకు ఈ విద్య నేర్పరు. నేర్పితే మాత్రం వాళ్లకు ఒరిగేదేముంది?

ఇదే బెంగళూరులో కారు షెడ్డుకు తీసుకెళ్లండి. స్కానర్ గుచ్చి, తెరమీద కోడ్ చూపించి, ఏ స్క్రూ తిప్పకుండానే స్కానింగ్ చార్జీ అని బిల్లు ఇస్తారు. ఎవరూ గొణగరు, ఫోన్ తీసి కట్టేస్తారు. ట్రాక్టర్లలోనూ అది వచ్చేసింది. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త పొగ నిబంధనలు అమలయ్యాయి. వాటికోసం పెద్ద ట్రాక్టర్లలో ఎలక్ట్రానిక్ కంట్రోల్, కంప్యూటరు చెప్పినట్టు డీజిల్ కొట్టే కామన్ రైల్ వచ్చాయి. వాటికి లోపం చెప్పేది కంప్యూటరు, దానికి డబ్బు ఇస్తున్నాం. పాత బండికి లోపం చెప్పేది మనిషి చెవి, కన్ను, రెండు మూడు గేజీలు. వాటికి మాత్రం ఇవ్వం. తెర చూపించే మిషన్‌కు ఇచ్చే మర్యాద మనిషికి ఎందుకు ఇవ్వకూడదో నాకు ఎవరైనా వివరించాలి.

అసలు చూడడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. గాలిలో చెయ్యి ఊపి అంచనా చెప్పడం కాదు, దానికి ఒక వరస ఉంది.

పొగతో మొదలుపెట్టాలి. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగిన గాలి లేదు, లేదా గాలికి మించి డీజిల్ పడుతోంది. ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు, పంపు చూడాలి. తెల్ల పొగ అంటే డీజిల్ కాలకుండానే ఆవిరై పోతోంది: ఇంజిన్ చల్లగా ఉండడం, టైమింగ్ వెనక్కి పోవడం (డీజిల్ ఆలస్యంగా పడడం), కంప్రెషన్ తగ్గడం. వేడెక్కాక కూడా ఆగకుండా తెల్లగా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే లోపలికి నీళ్లు పోతున్నాయేమో చూడాలి. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. అప్పుడు కూడా రింగులేనని తీర్పు చెప్పకూడదు. వాల్వుల కాడలు ఆడే గైడులు కావచ్చు, గాలిలోని దుమ్మును ఆయిల్‌తో పట్టే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో గీతకు మించి ఆయిల్ పోసినా కావచ్చు.

తర్వాత, ఇంజిన్ నిదానంగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్ దగ్గర పైపు నట్టును కొంచెం వదులు చేసి చూడాలి. మంచి సిలిండర్‌కు డీజిల్ ఆపితే ఇంజిన్ గొంతు వెంటనే పడిపోతుంది. ఏ సిలిండర్‌కు ఆపితే తేడా రాలేదో, జబ్బు అక్కడ. ఈ పని తెలిసినవాళ్లే చెయ్యాలి. నట్టు మీద గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని, చెయ్యి దూరంగా పెట్టుకుని చెయ్యాలి. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి 200 బార్ అటూ ఇటూ ఉంటుంది. ఆ జల్లు చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. బయట సూదిపోటు అంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లుతుంది. అలాంటిది జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఇంట్లో పసుపు పెట్టుకుని కూర్చోకూడదు.

ఆ సిలిండర్ నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూస్తే జబ్బు నాజిల్‌తో పాటు కదిలిందా, అక్కడే ఉందా తెలిసిపోతుంది. కదిలితే నాజిలే. కదలకపోతే వాల్వులను తెరిచే ట్యాపెట్ల సందు చూడాలి, ఆ తర్వాత డీజిల్ గేజీతో కంప్రెషన్ కొలవాలి. పెట్రోల్ బండ్ల గేజీ దీనికి పనికిరాదు, ఆ ఒత్తిడికి ముల్లు చివరికి కొట్టుకుంటుంది. ఒక సిలిండర్ అంకె కంటే మూడింటి మధ్య తేడా ఎక్కువ చెబుతుంది.

ఆయిల్ పోసే మూత తీసి చూడడం అన్నిటికన్నా సులువు. ఇంజిన్ వేడిమీద ఉండగా అక్కడినుంచి పొగ ఉప్పెనలా తన్నుకొస్తుంటే రింగులు దాటి గాలి కిందికి పోతోందన్నమాట. కాస్త ఆవిరి రావడం పాత బండిలో మామూలే. ఆయిల్ ప్రెషర్‌ను వేడి ఇంజిన్‌లో, ఐడిల్‌లో, విడిగా గేజీ బిగించి చూడాలి. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మి బేరింగులు మార్చినవాళ్లు నాకు తెలుసు, మార్చాక కూడా ముల్లు అక్కడే ఉంది. ఇక ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్. ఆయిల్ తగ్గితే అందరూ గమనిస్తారు. పెరిగితే ఎవరూ పట్టించుకోరు, నిజానికి భయపడాల్సింది అప్పుడే. పైనుంచి డీజిలో, నీళ్లో ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోకి దిగుతున్నాయి. డీజిల్ కలిసిన ఆయిల్ పలచబడి బేరింగులను తినేస్తుంది. నీళ్లు కలిసిన ఆయిల్ పాలు పోసిన టీలా కనిపిస్తుంది.

ఇవన్నీ ఒక పూట పని. ఇన్ని చూసినా ఇంజిన్ విప్పాలనే తేలవచ్చు, నేను దానికి అడ్డం కాదు. మూత దగ్గర పొగ తన్నుతూ, కంప్రెషన్ పడిపోయి, ఆయిల్ తాగుతుంటే విప్పాల్సిందే. అడుగు నుంచి బరువైన దెబ్బ శబ్దం వస్తుంటే ఆ పూటే ఆపెయ్యాలి. అలాంటప్పుడు విప్పితే సగం పని చెయ్యకూడదని కూడా నా పట్టు. అరిగిన లైనర్లలో కొత్త రింగులు మాత్రం వేసి హాఫ్ ఇంజిన్ అనిపించుకోవడం డబ్బు పారెయ్యడమే. బోరు కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే గుండ్రటి రింగు దాన్ని ఎలా మూస్తుంది? లైనర్‌ను పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో కొలిచి రాసి ఇమ్మనండి. కొలత రాసి ఇచ్చినవాడికి ఆ కొలతకూ కూలి ఇవ్వండి.

డీజిల్ పంపు విషయంలో మాత్రం నేను ఎవరి మాటా వినను. పంపు లోపల డీజిల్‌ను నెట్టే ప్లంజర్‌కూ అది ఆడే బ్యారెల్‌కూ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందం అందులో ఇరవై ముప్పై రెట్లు ఉంటుంది. అక్కడ వేరే ఆయిల్ లేదు, డీజిలే కందెన. ట్యాంకు అడుగున చేరిన నీటి బొట్టు, ఫిల్టర్ దాటిన సన్నటి దుమ్ము ఆ సందులోకి పోతే గీత పడుతుంది, తుప్పు పడుతుంది. అందుకే ఫిల్టర్ల విషయంలో పొదుపు వద్దు. ఫిల్టర్ గిన్నె అడుగు స్క్రూ విప్పి నీళ్లు వదలడం, పని ముగిశాక సాయంత్రమే ట్యాంకు నింపడం అలవాటు చేసుకోవాలి. రాత్రి చల్లబడినప్పుడు ఖాళీ ట్యాంకు గోడలకు తేమ పడుతుంది, నిండు ట్యాంకులో ఆ చోటు ఉండదు.

"పికప్ లేదు సార్, కొంచెం డీజిల్ పెంచుతా" అని పంపు మీది సీలు తెంచి స్క్రూ తిప్పే పద్ధతి ఒకటుంది. తిప్పగానే బండి లాగుతుంది, రైతు సంబరపడతాడు. ఆ అదనపు డీజిల్‌ను కాల్చడానికి అదనపు గాలి ఎక్కడిది? నల్ల పొగ వస్తుంది, పొగ గొట్టం వేడెక్కుతుంది, పిస్టన్ తలలు కాలతాయి, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. ఒక ఏడాది తర్వాత నిజంగానే ఫుల్ ఇంజిన్ పని వస్తుంది. పంపును తిప్పాల్సిన చోటు ట్రాక్టరు మీద కాదు, క్యాలిబ్రేషన్ బెంచి మీద. ఒక్కో ప్లంజర్ ఎంత డీజిల్ ఇస్తోందో గాజు గొట్టాల్లో పట్టి, అన్నీ సమానంగా, కంపెనీ చెప్పిన అంకెకు వచ్చేలా సర్దాలి. బెంగళూరులో ఆ బెంచీలు ఇంకా ఉన్నాయి. పని చేయకముందు ఎంత చూపింది, చేశాక ఎంత చూపింది, రెండూ కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇవ్వనివాళ్ల దగ్గర పంపు విప్పించకండి.

దుమ్ము సంగతి మా వైపు వాళ్లకు మరీ ముఖ్యం. చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మొదలయ్యేది హొసకోటె దగ్గరే. చుట్టూ లేఅవుట్లు, గోడౌన్లు, టిప్పర్లు. 2.3 లీటర్ల ఇంజిన్ 2000 ఆర్‌పీఎంలో గంటకు లక్ష లీటర్లకు పైనే గాలి పీలుస్తుంది. ఆయిల్ బాత్ క్లీనర్‌లో ఆయిల్ బురదలా చిక్కబడి ఉంటే, లేదా క్లీనర్‌కూ ఇంజిన్‌కూ మధ్య రబ్బరు హోస్ చీలి ఉంటే, ఆ దుమ్మంతా నేరుగా లైనర్ల మీద సానరాయి పని చేస్తుంది. కొత్త లైనర్లు వేసిన ఇంజిన్ కూడా ఒక సీజన్‌లో అరిగిపోవడానికి ఆ చీలిక చాలు. హోస్ ధర ఎంతని? క్లిప్పు ధర ఎంతని?

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ తీసి పారెయ్యడం ఇంకో జాడ్యం. "మన వేడి దేశానికి అది ఎందుకు సార్" అంటారు. అది లేకపోతే తేలిక పనుల్లో ఇంజిన్ వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది. చల్లటి సిలిండర్ గోడల మీద డీజిల్ సరిగా కాలదు, ఆయిల్ పాడవుతుంది, అరుగుదల పెరుగుతుంది. వేడెక్కే సమస్య ఉంటే రేడియేటర్ కడిగించండి, ఫ్యాన్ బెల్టు చూడండి, తుప్పు ఆపే కూలెంట్ పోయండి. బోరుబావి నీళ్లలో సున్నం ఎంత ఉంటుందో బెంగళూరులో గీజర్ వాడే ప్రతి ఇంటికీ తెలుసు.

స్పేర్లకు అందరూ బెంగళూరు జేసీ రోడ్డుకే వెళ్తారు, నేనూ అంతే. అక్కడి పాత షాపుల్లో కౌంటరు వెనక కూర్చునే పెద్దవాళ్లలో కొందరు చేతిలో పాత వాషర్ పెడితే చాలు, ఏ మోడల్‌దో చెప్పేస్తారు. అది కూడా చూసే విద్యే. పాత సామాను చేత్తో పట్టుకుని వెళ్లండి, ఫోన్లో ఫొటో చాలదు. ఆయిల్ సీలు, బేరింగు కొనేటప్పుడు వాటి మీది నంబరు రాసుకోండి, ట్రాక్టరు పేరు చెబితే వచ్చేదాని కంటే నంబరు చెబితే వచ్చేది నమ్మకం. కొత్త రింగులు పిస్టన్‌కు ఎక్కించే ముందు ఒక్కొక్కటీ లైనర్‌లో పెట్టి సందు ఫీలర్ గేజీతో కొలిపించండి. డూప్లికేట్ సంగతి అక్కడే బయటపడుతుంది, బిగించాక కాదు. వెనక చక్రాలను తిప్పే గేర్లు క్రౌను, పీనియన్ మాత్రం జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే శబ్దమూ ఆగదు, పళ్లూ నిలవవు.

ఇంజిన్ మీద ఇంత మాట్లాడుకుని బ్రేకుల గురించి ఎవరూ మాట్లాడరు. నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది అదే. బెంగళూరు అంచుల్లో పాత ట్రాక్టర్లు పొలం వదిలి నీళ్ల ట్యాంకర్లు లాగుతున్నాయి. 2024 వేసవిలో ఊరంతా నీళ్లకు అల్లాడినప్పుడు వర్తూరు, సర్జాపుర వైపు ఏ సందులో చూసినా అవే. 5000 లీటర్లంటే నీళ్లే 5 టన్నులు, ట్యాంకరు ఇనుము బరువు అదనం. ట్రాక్టరు బరువు చూస్తే రెండు టన్నుల చుట్టుపక్కల. వెనకాల ట్రెయిలర్‌కు చాలాసార్లు బ్రేకులే ఉండవు. సగం నిండిన ట్యాంకరులో నీళ్లు బ్రేకు వేసినప్పుడు ముందుకు, మలుపులో పక్కకు తోస్తాయి. పొలంలో మడి మలుపు కోసం కుడి ఎడమ పెడళ్లు విడివిడిగా ఇచ్చారు. రోడ్డెక్కేటప్పుడు వాటిని కలిపే కొక్కెం వెయ్యకపోతే ఒక పక్క చక్రమే పట్టి బండి అడ్డం తిరుగుతుంది. ఆ కొక్కెం ఊడిపోయిన ట్రాక్టర్లు బడి పిల్లలు నడిచే రోడ్లమీద తిరుగుతున్నాయి. బ్రేకు షూలు అరిగాయా, రెండు వైపులా ఒకేలా పడుతున్నాయా చూడడానికి పెద్ద ఖర్చేమీ లేదు. అయినా బ్రేకులు చూసి పెట్టమని మెకానిక్‌ని పిలిచినవాణ్ణి నేను అరుదుగా చూశాను. ఇంజిన్ ఆగితే రాబడి ఆగుతుంది, బ్రేకు పడకపోతే వేరేవాళ్ల బిడ్డ పోతుంది. ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను: బ్రేకులు చూపించకుండా ట్యాంకరు తగిలించడం నేరం.

ట్యాంకరు పనిలో ఇంజిన్‌కు జరిగేది కూడా ఉంది. పంపు పెట్టి నీళ్లు ఎక్కించేటప్పుడు, గేట్ల దగ్గర, గంటల తరబడి ఐడిల్‌లో వదిలేస్తారు. లోడు లేని డీజిల్ ఇంజిన్ చల్లగా నడుస్తుంది, డీజిల్ పూర్తిగా కాలదు, నాజిళ్ల మీద, పొగ గొట్టంలో జిడ్డు మసి పేరుకుంటుంది. ఆ మసి చూసి ఇంజిన్ పోయిందంటారు. పని లేనప్పుడు ఆపెయ్యడమే దానికి మందు.

సీజన్‌లో ఇవన్నీ చూసుకుంటూ కూర్చుంటే పదును పోదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే చూపించాల్సిన కాలం రాగి కోత అయ్యాక, సంక్రాంతి నుంచి ఉగాది లోపల. బండి కొట్టంలో ఖాళీగా ఉంటుంది, మెకానిక్‌కూ పని తక్కువ. చెడిపోకముందే పిలిచి చూపిస్తే ఆయనకు ఆ నెలల్లో కూలి దొరుకుతుంది, మనకు తొలకరిలో భయం ఉండదు. అవర్ మీటర్ పనిచేయకపోతే ముందు అది బాగు చేయించండి. ఎన్ని గంటలకు ఆయిల్ మార్చామో, మధ్యలో ఎంత పోశామో, గంటకు ఎంత డీజిల్ తాగుతోందో ఒక నోటుబుక్కులో రాసి పెడితే, చూసేవాడికి సగం పని అక్కడే అయిపోతుంది.

కొత్త బండికి వారంటీ ఉంటుంది కదా అనే మాట కూడా సరైనదే. ఏడాదంతా అద్దెలకు తిప్పేవాడు కొత్తది కొనుక్కోవాలి, ఈఎంఐ కట్టగలడు. రెండు మూడెకరాల వాడికి ఆ ఈఎంఐ పంట మీద వచ్చేదానికంటే పెద్దది. అతనికి పాత బండే దిక్కు. ఆ బండిని నిలబెట్టే మనిషికి బతుకుదెరువు లేకపోతే ఆ దిక్కు కూడా ఉండదు.

మా ఇంట్లో ఇప్పుడు ఒప్పందం ఇది. ఆ పెద్దాయన చేతి కింద ఒక కుర్రాడు తయారయ్యాడు, మాలూరు వైపు నుంచి వస్తాడు, తెలుగే మాట్లాడతాడు. పిలిస్తే వచ్చి చూసినందుకు ఒక పూట కూలి, పెట్రోలు ఖర్చు. కొలిచినవి కాగితం మీద రాసిస్తాడు. విప్పాల్సిన పని ఉందంటే దానికి వేరే మాట్లాడుకుంటాం, ఆ పని అతనికే ఇవ్వాలని లేదు. ఏమీ విప్పక్కర్లేదని చెప్పినా పూట కూలి మొత్తం చేతిలో పెడతాం. పోయిన సంక్రాంతి తర్వాత అలాగే చెప్పి వెళ్లాడు. డబ్బు ఇచ్చింది చిన్నాన్నే.